రోజుకో మూర

అంజిబాబుకి భయమంటే ఏమిటో నలభై తొమ్మిదో ఏట తెలిసింది. చిన్నప్పుడు వచ్చి పోవలసిన జబ్బు పెద్దయ్యాక వస్తే మనిషిని ఓ పట్టాన వదలదు. అతని విషయంలోనూ అలాగే జరిగింది.

పదహారో ఏట అతను కొబ్బరిచెట్టెక్కాడు. ముప్పై మూడేళ్ళు ఎక్కుతూనే ఉన్నాడు. రాజోలు చుట్టుపక్కల నాలుగూళ్ళ తోటల్లో కాయ దింపు తీయాలంటే అంజిబాబుకే కబురు. కాళ్ళకి తాడు బంధం తగిలించుకుని, నడుం వెనక కత్తి దోపుకుని మొద్దుని కావలించుకున్నాడంటే, కింద మనిషి ఆకూ వక్కా వేసుకునేలోగా మట్టల మధ్య కూర్చునేవాడు. అతని భార్య రత్నమాల కింద కాయలు ఏరి రాశి పోసేది. పైనున్నవాడు గెల నరకబోయే ముందు "కాయ్" అని కేకెయ్యాలి. కిందున్నవాళ్ళు తప్పుకుని "ఆయ్" అనాలి. ఆ జవాబు వినపడ్డాకే కత్తి పడాలి. దింపు పనిలో అది కట్టుబాటు. ఇరవై ఆరేళ్ళు అతను కాయ్ అన్నాడు, ఆమె ఆయ్ అంది. ఆ మొగుడూ పెళ్ళాల మధ్య నడిచిన మాటల్లో ముప్పాతిక వంతు ఇవే. ఇంటి దగ్గర అతను నోరు విప్పితే తిట్టడానికే.

ఆశ్వయుజంలో రత్నమాల కామెర్లతో పోయింది. కార్తీకం చివర బాపిరాజుగారి తోటలో దింపు పడింది. అంజిబాబు వెళ్ళాడు. కింద ఏరడానికి అతని అక్క అచ్చాయమ్మ వచ్చింది. ఆవిడకి అరవై దాటాయి. చెవి కొంచెం మందం, నోరు కాదు. మొదటిది ముప్పై అడుగులు కూడా లేని పడుచు చెట్టు. మట్టల మధ్య కూర్చుని అతను కాయ్ అన్నాడు. జవాబు లేదు. మళ్ళీ అన్నాడు. లేదు. ఎందుకు పలకదో చూద్దామని వంగి కిందకి చూశాడు.

రత్నమాల నిలబడే చోట ఎవరూ లేరు. ఎండిపోయిన మట్ట ఒకటి, దాని పక్కన ఖాళీ నేల. అచ్చాయమ్మ అవతల బోదె కాలవ గట్టు మీద ఎవరితోనో కబుర్లలో పడింది. ఖాళీ నేల మెల్లగా కింద నుంచి జరిగిపోతున్నట్టూ, చెట్టు పక్కకి ఒరుగుతున్నట్టూ తోచింది. అరికాళ్ళు చెమట పట్టాయి. మొద్దుని కావలించుకుని కళ్ళు మూసుకుని జారాడు. కింద పడేసరికి రొమ్ము మీదా తొడల లోపలా చర్మం లేచిపోయింది.

మోకాలు పట్టేసిందని చెప్పాడు. అందరూ నమ్మారు. అంజిబాబు భయపడ్డాడంటే నమ్మేవాళ్ళు ఆ నాలుగూళ్ళలో లేరు.

బాపిరాజుగారు మంచివారే గాని తోట ఆయనకి మనుషులకంటే ఎక్కువ. ఆ పూటకి వేరేవాళ్ళని పిలిపించి పని కానిచ్చారు. సాయంత్రం అంజిబాబుని పిలిచి ఉన్న మాట చెప్పారు.

"నలభై రోజులకి మళ్ళీ దింపు. అప్పటికి నీ మోకాలు లొంగితే నువ్వే. లేదంటే దుర్గేష్ జట్టుకి ఇచ్చేత్తాను. కాయ ముదిరి నెత్తిన పడేదాకా నీకోసం కూర్చోలేను కదరా."

"ఆయ్. ఎక్కేత్తానండి," అన్నాడు అంజిబాబు.

బాపిరాజుగారి తోట ఎటు పోతే మిగతా తోటలు అటే పోతాయి. అది ఒక దెబ్బ. వెళ్ళేది దుర్గేష్ చేతిలోకి కావడం రెండో దెబ్బ. మొదటిదానికైనా తట్టుకునేవాడేమో గాని, రెండోదానికి తట్టుకోలేడు.

పన్నెండేళ్ళ కిందట దుర్గేష్ పదిహేడేళ్ళవాడు, అంజిబాబు దగ్గరే పని నేర్చుకోవడానికి వచ్చాడు. మూడో రోజున సగం చెట్టు మీద బిగుసుకుపోయాడు. ఎక్కలేడు, దిగలేడు. నిచ్చెన తెస్తామన్నవాళ్ళని అంజిబాబు తేనివ్వలేదు. చెట్టు కింద బీడీ ముట్టించుకుని కూర్చుని, వచ్చేపోయేవాళ్ళని పిలిచి చూపించాడు. గబ్బిలం వేలాడుతోంది చూడండన్నాడు. కుర్రాడు చెట్టు మీదే లాగు తడుపుకున్నాడు. పొద్దు వాలాక పడుతూ లేస్తూ దిగాడు. అప్పట్నించీ ఊళ్ళో వాడి పేరు గబ్బిలం. ఆ పేరు పడలేక మస్కట్ పోయాడు. ఆరేళ్ళకి తిరిగొచ్చి, చెట్టెక్కే మిషన్లూ నడుం బెల్టులూ కొని, నలుగురిని జట్టు కట్టి, కొత్త కుర్రాళ్ళకి ట్రైనింగూ ఇస్తున్నాడు. ఇప్పుడు గబ్బిలం అనేవాళ్ళు లేరు, ఒక్క అంజిబాబు తప్ప.

కనుక భయం సంగతి బయటపడకూడదు. నలభై రోజుల్లో దాన్ని చంపెయ్యాలి. అంజిబాబు బాగా ఆలోచించుకుని ఒక లెక్క కట్టాడు. అతని దొడ్లో అరవై అడుగుల చెట్టు ఒకటుంది. అరవై అడుగులంటే నలభై మూరలు. రోజుకో మూర. తెల్లారకముందే లేచి, ఎవరూ చూడకుండా ఆ రోజు మూర ఎక్కాలి, అక్కడ సున్నంతో గీత పెట్టాలి, దిగిపోవాలి. నలభయ్యో రోజుకి మట్టల్లో ఉంటాడు. ముప్పై మూడేళ్ళుగా ఊపిరి తీసుకున్నంత తేలిగ్గా చేసిన పనికి ఇలా గీతలు పెట్టుకోవాల్సి రావడం సిగ్గే. కాని చూసేవాళ్ళెవరూ లేరు గదా అనుకున్నాడు.

నాలుగో రోజున నీళ్ళకొచ్చిన అచ్చాయమ్మ చూసేసింది.

"చెట్టుకి బొట్లెడుతున్నావేంట్రా? పెళ్ళి చేత్తావా దానికి?"

చీడ పట్టకుండా సున్నం పూస్తున్నానన్నాడు. చీడ చెట్టుకి పట్టిందో మనిషికి పట్టిందో అని సణుక్కుంటూ ఆవిడ నూతి దగ్గరికి పోయింది.

మొదటి ఆరు మూరలూ బాగానే సాగాయి. మనిషి ఎత్తు, దానికి పైన ఇంకో మూడడుగులు. అక్కడ నుంచి పడ్డా చావడు. ఏడో మూర నుంచి అసలు సంగతి మొదలైంది. చెయ్యి పైకి వెయ్యగానే వీపు వెనక ఎవరో నిలబడి చొక్కా పట్టుకుని లాగుతున్నట్టుండేది. తొమ్మిదో గీత దగ్గర వేళ్ళు మొద్దుకి అంటుకుపోయాయి. ఎక్కమంటే ఎక్కవు, వదలమంటే వదలవు. అలా మూడు పొద్దులు తొమ్మిదో గీత దగ్గరే ఆగిపోయాడు. మూడు రోజులూ కళ్ళు మూసుకుని జారి, ఇంట్లోకి పోయి, తలుపేసుకుని కూర్చున్నాడు. మూలనున్న రత్నమాల గంప వంక చూస్తే కోపం వచ్చేది. ఆమె మీద కోపం. ముందు పోయినందుకు.

ఈ చుట్టుపక్కల చెట్టు మీద భయమెరిగిన మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆ మాట అంజిబాబుకి మొదటి రోజు నుంచీ తెలుసు. దాన్ని మింగడానికే అన్నాళ్ళు పట్టింది. పదమూడో రోజున మలికిపురం బస్సెక్కాడు. కత్తికి పదును పెట్టించాలని అచ్చాయమ్మకి చెప్పాడు. కొబ్బరి లారీలు ఆగే చోట దుర్గేష్ మిషన్లు ఆటోలోకి ఎక్కిస్తున్నాడు. అంజిబాబుని చూసి పని ఆపలేదు. రండి అనలేదు, పొమ్మనలేదు.

అంజిబాబు ఎక్కడెక్కడో తిప్పి చివరికి విషయానికొచ్చాడు. మా చుట్టాలబ్బాయి ఒకడు పని నేర్చుకుంటున్నాడు, సగంలో ఆగిపోతున్నాడు, మీ ట్రైనింగులో ఇలాంటివాళ్ళకి ఏం చెబుతారు అని అడిగాడు.

"వయసెంతండీ అబ్బాయికి?" అన్నాడు దుర్గేష్.

"పదిహేడు."

"పదిహేడైతే మందుందండి. కింద గురువుగారు కూర్చుని బీడీ కాలుత్తా నవ్వాలి. దెబ్బకి పోద్ది."

ఆటో డ్రైవరు కిసుక్కుమన్నాడు. అంజిబాబు లేచిపోదామనుకున్నాడు, లేవలేదు. దుర్గేష్ తాడు ముడి బిగించి, అతని వంక మొదటిసారి తిన్నగా చూశాడు. ఆ చూపులో జాలి లేదు. అయినా చెప్పాడు.

"మూర ఎక్కినప్పుడల్లా కిందకి చూడమనండి. చూసి, భయం వేసేదాకా ఆగమనండి. ఆ భయంతోనే దిగమనండి. కళ్ళు మూసుకుని జారకూడదు. నేను మస్కట్ నుంచొచ్చాకా ఏడాది పట్టిందండి అది నేర్చుకోడానికి."

అంజిబాబు బస్సులో తిరిగొస్తూ ఆ మాటని బయట పారేశాడు. కిందకి చూస్తే కదా ఈ రోగం పట్టింది. రోగం తెచ్చిన దాన్నే మందంటాడేమిటి? పగ పెట్టుకుని చెడగొట్టడానికే చెప్పాడనుకున్నాడు. తనైతే అలాగే చెప్పి ఉండేవాడు మరి.

ఆ మర్నాడే మంచు దిగింది. ధనుర్మాసపు మంచు. తెల్లవారుజామున తలుపు తీస్తే దొడ్లో నుయ్యి కనపడలేదు. కొబ్బరి మొద్దు మీద చెయ్యేస్తే అది ఎక్కడి నుంచి వచ్చిందో ఎక్కడికి పోతుందో తెలియలేదు. అంజిబాబు బంధం తగిలించుకున్నాడు. తొమ్మిదో గీత దాటాడు. పదో గీత పెట్టాడు. పదకొండు పెట్టాడు. వీపు వెనక ఎవరూ లేరు. కింద తెలుపు, పైన తెలుపు. చుట్టూ దూది పరిచినట్టుంది. పడితే అందులోనే తేలుతానేమో అనిపించింది. చాలా రోజుల తర్వాత అతనికి నవ్వొచ్చింది.

తర్వాతి రోజులన్నీ అలాగే సాగాయి. పోయిన రోజులు పూడ్చుకోవాలని కొన్ని పూటలు రెండేసి మూరలు ఎక్కాడు. మంచు తడికి మొద్దు జారేది. ఆ జారుడు అతనికి లెక్క లేదు, చేతులు ఎరిగిన పని. పొద్దు రాకముందే దిగిపోయేవాడు. ముప్పై ఎనిమిదో రోజున ఆకుపచ్చ మట్ట పట్టుకుని పైకి లేచి కూర్చున్నాడు. భయం చచ్చిందనుకున్నాడు. తను చంపాననుకున్నాడు. మంచు చేసిన పనిని తన గొప్పగా రాసుకున్నాడు.

దింపు రోజు ఆరున్నరకల్లా బాపిరాజుగారి తోటలో ఉన్నాడు. వరస చివరనున్న పాత చెట్టుని ఎంచుకున్నాడు. తోటలో అంత పొడుగుది ఇంకోటి లేదు. పెద్దదాన్ని అందరి ముందూ ఎక్కేస్తే మోకాలి మాట ఇంకెవరూ ఎత్తరని అతని ఎత్తు.

"మంచు విడనివ్వరా. మొద్దు పాములాగుంది," అన్నారు బాపిరాజుగారు.

"అలవాటేనండి."

అచ్చాయమ్మ గంప పట్టుకుని నిలబడింది. ఈసారి కబుర్లకి పోనని ఒట్టేసింది. కాయలు ఏరడానికి వచ్చిన ఆడవాళ్ళు నలుగురు గట్టు మీద చలి కాచుకుంటున్నారు. అంజిబాబు మొద్దుకి దణ్ణం పెట్టి ఎక్కాడు. రెండు నిమిషాల్లో కిందవాళ్ళకి కనపడకుండా పోయాడు. పై నుంచి కాయ్ అని కేక వినపడింది. అచ్చాయమ్మ గొంతు చించుకుని ఆయ్ అంది. గెల దబ్బుమని పడింది. రెండోది పడింది. పాత అంజిబాబే వచ్చాడని ఆడవాళ్ళు చెప్పుకున్నారు. పైన కూర్చుని అతనూ అదే అనుకున్నాడు.

మూడో గెల కోసం అటువైపు జరిగాడు. మట్ట మీద ఎడం చెయ్యి, కత్తి కుడి చేతిలో. అప్పుడు గోదారి వైపు నుంచి గాలి కొట్టింది. ఎండ తగిలింది. మంచు అంచు దగ్గర చిరిగి, ఆ చిరుగు పెద్దదై, గుడ్డ లాగినట్టు మొత్తం పోయింది.

కింద నేల ఉంది.

అంత దూరంలో ఉంటుందని అతను అనుకోలేదు. నలభై రోజులు ఎక్కాడు గాని ఒక్క రోజూ దాన్ని చూడలేదు. అచ్చాయమ్మ తెల్ల జుట్టు కోడిగుడ్డంతుంది. గంప కొబ్బరిచిప్పంతుంది. వాటి పక్కన ఖాళీ నేల. ఆ ఖాళీ నోరు తెరుచుకుని పైకి వస్తున్నట్టుంది. చెట్టు ఊగింది. నిజంగానే ఊగింది, గాలికి. పై ప్రాణాలు పైనే పోయాయి. మట్టని రెండు చేతులా పట్టుకోవాలనిపించింది. పట్టుకున్నాడు. కుడి చేతిలో కత్తి ఉన్న సంగతి వేళ్ళు మరిచిపోయాయి.

కత్తి మొద్దుకి ఒకసారి తగిలి, తిరుగుతూ పోయి అచ్చాయమ్మ పాదానికి జానెడు దూరంలో నేలలో దిగబడింది.

కాయ్ అనలేదు. అసలు ఏమీ అనలేదు. ముప్పై మూడేళ్ళలో చెప్పకుండా ఒక పుల్ల కూడా కింద వెయ్యని మనిషి. అచ్చాయమ్మ కత్తి వంక చూసి కూలబడిపోయింది. ఆడవాళ్ళు ఆవిడని పక్కకి లాగారు. బాపిరాజుగారు దిగమని కేకేశారు. అంజిబాబు దిగడానికి ఒక కాలు కిందకి జార్చాడు. కాలి కింద ఏమీ తగల్లేదు. కాలు వెనక్కి తీసుకున్నాడు. ఆ తర్వాత కాళ్ళు అతని మాట వినలేదు.

ఏడున్నర అయింది. ఎనిమిదిన్నర అయింది. ఎర్రచీమలు మెడ మీదికి ఎక్కాయి. దులపడానికి చెయ్యి వదలాలి, వదల్లేదు. కింద జనం పోగయ్యారు. మోకాలు మళ్ళీ పట్టేసిందేమో అని ఎవరో అన్నారు. ఆ మాట అంత ఎత్తుకీ వినపడింది. అవునంటే సరిపోయేది. అనడానికి నోరు తెరిచాడు, పళ్ళు టకటకమని కొట్టుకున్నాయి తప్ప మాట రాలేదు. బాపిరాజుగారు జేబులోంచి ఫోను తీశారు. ఎవరికి చేస్తున్నారో పై నుంచే అర్థమైంది. వద్దని చెప్పాలనుకున్నాడు. ఆ క్షణంలో దూకేద్దామా అన్న ఆలోచన వచ్చింది. ఆ ఆలోచనకి ఇంకా భయపడ్డాడు.

దుర్గేష్ తొమ్మిది దాటాక వచ్చాడు. జనాన్ని పలకరించలేదు. మిషను మొద్దుకి బిగించి, రెండో బెల్టు భుజాన వేసుకుని, తొక్కుకుంటూ పైకి వచ్చాడు. అంజిబాబు పాదాలకి మూరెడు కిందన ఆగాడు.

"ఏవైందండీ?"

"మోకాలు," అన్నాడు అంజిబాబు.

"మోకాలైతే డాక్టరు గారిని పంపుతానండి," అని దుర్గేష్ ఒక మెట్టు కిందకి దిగాడు.

"దుర్గేష్."

ఆగాడు.

"భయంగా ఉంది."

"నాకినపడింది. కిందోళ్ళకి ఇనపడలేదండి. అచ్చాయమ్మగారికి చెవుడు కూడాను."

అంజిబాబు కళ్ళు మూసుకున్నాడు. ఈ నలభై రోజులూ మూర మూరా ఎక్కింది ఈ ఒక్క మాట అనకుండా ఉండటానికే. మట్టని కావలించుకునే ఉండి, తోటంతా వినపడేలా అరిచాడు.

"నాకు భయమేత్తంది. దిగలేను."

కింద ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేదనిపించింది. దుర్గేష్ పైకి వచ్చి, నడుమునీ మొద్దునీ కలిపి బెల్టు వేసి, కొక్కెం తగిలించి, రెండుసార్లు లాగి చూశాడు.

"కళ్ళు తెరవండి. మూసుకుంటే నేను వదిలేసి పోతాను. ఒక్కో మూర దిగాలి. దిగినప్పుడల్లా కిందకి చూడాలి."

చూశాడు. వాంతి వచ్చింది. దుర్గేష్ తల పక్కకి తప్పించుకుని అతని కాలు పట్టుకుని కింద చోట పెట్టాడు. ఇంకో మూర. మళ్ళీ చూడమన్నాడు. ఏం కనపడుతోందని అడిగాడు. అక్క అన్నాడు. ఇంకో మూర. గంప. ఇంకో మూర. కత్తి. ప్రతి మూరకీ భయం కొత్తగా, మొదటిసారి వేసినట్టే వేసింది. అలా దిగడానికి ముప్పావుగంట పట్టింది. నేల తగిలింది. చెట్టు మొదట్లోనే చతికిలపడ్డాడు. అచ్చాయమ్మ వచ్చి అతని మెడ మీది చీమలు ఒక్కొక్కటే తీసి పారేసింది. తిట్టలేదు. ఆవిడ తిట్టకపోవడం అతను ఎరగడు.

బాపిరాజుగారు ఈ పూటకి మీ జట్టుని పిలిపించవయ్యా అని దుర్గేష్‌తో అన్నారు. ఇక ముందు కూడా అని అనలేదు. అనక్కర్లేదు. అంజిబాబుకి అర్థమైంది.

దుర్గేష్ బెల్టులు మడత పెట్టుకున్నాడు. వెళ్ళబోతూ అతని ముందు ఆగాడు. మాట మెల్లగా అన్నాడు గాని మెత్తగా అనలేదు.

"ఆ రోజు మీరు నిచ్చెన తేనివ్వలేదండి. నేనది మర్చిపోలేదు, మర్చిపోను. ఇది దానికోసం కాదు. చేతిలో కత్తి జారినోడు పైకెళ్ళకూడదు, కింద ఎవరో ఒకరు పోతారు. ఎక్కాలని ఉంటే రేపు మా కుర్రాళ్ళు నేర్చుకునే చోటుకి రండి. తెల్లారుజామున కాదు. ఎండెక్కాక."

వెళ్ళకూడదనుకున్నాడు. రాత్రంతా అలాగే అనుకున్నాడు. మర్నాడు తొమ్మిదిన్నరకి వెళ్ళాడు. ఎండ చురుక్కుమంటోంది. దుర్గేష్ జట్టులోవాళ్ళు ఇద్దరూ, కొత్తగా చేరిన ముగ్గురూ ఉన్నారు. వాళ్ళలో ఒకడికి పదిహేడేళ్ళు ఉంటాయేమో. అందరూ పక్కకి తప్పుకుని దారిచ్చారు. దుర్గేష్ బెల్టు విసిరాడు గాని దగ్గరికి రాలేదు. అంజిబాబు తనే తగిలించుకున్నాడు. కొక్కెం రెండుసార్లు తప్పిపోయి మూడోసారి పడింది.

ఒక మూర ఎక్కాడు. అరికాళ్ళు నేలకి అడుగున్నర పైన ఉన్నాయి. చిన్న పిల్లాడు దూకే ఎత్తు. తల వంచి చూశాడు. కాళ్ళు వణికాయి. బాగా వణికాయి, అందరికీ కనపడేలా. వణుకు ఆగేదాకా ఉందామనుకున్నాడు. అది ఆగలేదు. వణుకుతూనే, కళ్ళు తెరుచుకునే, ఒక కాలు నేల మీద పెట్టాడు.

"మళ్ళీ," అన్నాడు దుర్గేష్, అటు తిరిగి ఇంకొకడి బెల్టు బిగిస్తూ.